విపత్తును నిర్వహించుట యెట్లు?

'విపత్తు నిర్వహణ' అను మాట నేడు ప్రభుత్వ ప్రకటనలలో తరచుగా వినవచ్చుచున్నది. 2004 డిసెంబరు 26న సునామీ తీరములను ముంచిన పిదప, 2005లో పార్లమెంటు చేసిన చట్టముతో ఇది స్థిరపడినది. ఆంగ్లములోని 'డిజాస్టర్ మేనేజ్‌మెంట్'కు ఇది మాటకు మాట తెనిగింపు.

విపత్తు పాతమాట, మంచిమాట. చిక్కంతయు నిర్వహణతోనే. సభను నిర్వహింతుము, ఉత్సవమును నిర్వహింతుము, సంసారమును నిర్వహింతుము. మనము కోరి తలకెత్తుకొన్న పనికే తెలుగున నిర్వహణ చెల్లును. వరదను నిర్వహించు వాడెవ్వడు?

ఇతర భాషలవారును ఈ చిక్కును ఎదుర్కొన్నారు. ఆంగ్లపు 'డిజాస్టర్' ఇటాలియను మూలము గలది. చెడు నక్షత్రమని దాని వ్యుత్పత్తి. గ్రహచారము బాగులేదను మన పెద్దల మాటకు అది దూరపు చుట్టము. డేనిష్ భాషలో దానికి ఒక్క మాట చాలదు. 'ఉల్యుక్కె' యనగా అదృష్టము లేకుండుట. దారిలో బండి బోల్తాపడినను అదే మాట. అంతకు మించిన దానికి గ్రీకునుండి వచ్చిన 'కాటస్ట్రోఫె' కలదు. తలక్రిందులగుట దాని మూలార్థము. కావున ఆపద యెంతటిదో విచారింపక అనువాదకుడు కలము కదపలేడు. ఇక ఆపదలను ఎదుర్కొను తమ శాఖకు డేనులు పెట్టుకొన్న పేరులో ఆపద అను మాటయే లేదు. సన్నద్ధత యను మాట మాత్రమే యున్నది. ఆ పేరును ఆంగ్లమున వ్రాయునపుడే 'మేనేజ్‌మెంట్' వచ్చి చేరినది.

ఇది పండితుల వినోదము కాదు. ప్రాణములతో కూడిన విషయము. పరకాల ప్రాంతపు రైతును అడుగుడు. మత్తడి దుంకుట వేరు, కట్టకు గండి పడుట వేరు. మొదటిది పండుగ, పిల్లలు చేపలకు పరుగెత్తుదురు. రెండవది ప్రాణభయము. కోస్తాలోనూ అంతే. తుఫాననగా తలుపులు మూసికొని లోపలనుందురు. ఉప్పెన యనగా ఇల్లు విడిచి మెరకకు పోవలెను. 1977 నవంబరు 19న దివిసీమను ముంచినది ఉప్పెన. ఈ భేదములన్నియు విపత్తు అను ఒక్క మాటలో మునిగిపోవును.

2023 జూలై 27 తెల్లవారుసరికి ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్క దినమున 649.8 మిల్లీమీటర్ల వాన కురిసినది. ఆనాడే భూపాలపల్లి సమీపమున మోరంచవాగు పొంగి మోరంచపల్లిని ముంచెత్తగా, జనులు మిద్దెలెక్కి, చెట్లెక్కి ప్రాణములు దక్కించుకొనవలసి వచ్చినది. అట్టి రాత్రి ఊరివారికి కావలసినది 'విపత్తు సంభవించు అవకాశము' కాదు. 'వాగు ఊరిమీదికి వచ్చుచున్నది, మిద్దెలెక్కుడు' అను రెండు మాటలు.

అన్నిటిని కలుపుకొను మాట యొకటి ప్రభుత్వమునకు అవసరమే. పరిహారపు పద్దులకు, చట్టములకు విపత్తు ఉండనిండు. నిర్వహణకు మారుగా సన్నాహమనిన నష్టము లేదు. చేయవలసిన పని పేరులోనే తెలియును. హెచ్చరిక మాత్రము, అది చాటింపైనను, చేతిలోని ఫోనుకు వచ్చునదైనను, ఊరిమాటలోనే యుండవలెను. నిఘంటువు చూచుకొనువరకు నీరు ఆగదు.