ఖతార్ చమురు ఒప్పందం: ఎవరికెంత మేలు?

1935 మే 17న ఖతార్ పాలకుడు షేక్ అబ్దుల్లా బిన్ జాసిమ్ అల్ థానీ సంతకం చేసిన చమురు ఒప్పందంలో లెక్కలన్నీ మన రూపాయల్లోనే ఉన్నాయి. గల్ఫ్‌లో అప్పుడు చెల్లే డబ్బు అదే. దేశమంతటా చమురు వెతికి తీసుకునే హక్కు 75 ఏళ్లపాటు ఒక బ్రిటిష్ కంపెనీకి. టన్నుకు 3 రూపాయల రాయల్టీ షేక్‌కు. ఆ హక్కు త్వరలోనే ఇరాక్ పెట్రోలియం కంపెనీ చేతికి వెళ్లింది. పేరుకే అది కంపెనీ. బీపీ, షెల్, ఒక ఫ్రెంచి సంస్థ, రెండు అమెరికన్ కంపెనీల జంట తలా 23.75 శాతం, వ్యాపారి గుల్బెంకియన్ 5 శాతం పంచుకున్న కూటమి.

దీన్ని దోపిడీ అనేసి ఊరుకోవడం నాకు న్యాయంగా తోచదు. జపాన్ పెంపకపు ముత్యాల పోటీ, ప్రపంచ మాంద్యం కలిసి ఖతార్ ముత్యాల వ్యాపారాన్ని కూల్చేశాయి. జనం పస్తులున్నారు. భూమిలో చమురుందో లేదో తెలియదు. ఉన్నా తవ్వే యంత్రాలు, నష్టపోతే భరించే సొమ్ము కంపెనీల దగ్గరే ఉన్నాయి. పైగా ఈ ఒప్పందానికి బదులుగా, భూమార్గాన దాడి జరిగితే కాపాడతామని బ్రిటన్ మాటిచ్చింది. పొరుగున సౌదీ బలపడుతున్న రోజుల్లో ఆ మాట షేక్‌కు చిన్నది కాదు.

అయితే దుఖాన్‌లో 1939లో చమురు పడినా, తొలి ఎగుమతి 1949 డిసెంబరు 31న గానీ జరగలేదు. రెండో ప్రపంచ యుద్ధకాలంలో బావులు మూశారు, అది కంపెనీల తప్పనలేం. కానీ ఎంత తీయాలో, ఎప్పుడు తీయాలో దోహా కాదు, లండన్ తేల్చేది. ఇరాక్‌లోనూ బావులున్న భాగస్వాములకు ఖతార్ కోసం తొందరపడాల్సిన పనిలేదు. నా అభ్యంతరం ఇక్కడే. ధర ఎంత పెరిగినా మారని ఆ 3 రూపాయల కన్నా, పగ్గాలు పరాయి చేతుల్లో ఉండటమే పెద్ద నష్టం.

1952లో లాభంలో సగం ఇచ్చేలా ఒప్పందం మారింది. 1976లో, గడువు ఇంకా 34 ఏళ్లుండగానే, ఖతార్ ప్రభుత్వం తమ దేశంలోని ఆ కంపెనీ వ్యాపారాన్ని పూర్తిగా స్వాధీనం చేసుకుంది. అలాగని విదేశీయులను తరిమేయలేదు. 1971లో షెల్ కనుగొన్న నార్త్ ఫీల్డ్ గ్యాస్‌ను ద్రవీకరించి ఓడలకెక్కించడానికి వాళ్ల పెట్టుబడి, నైపుణ్యం మళ్లీ కావలసివచ్చాయి. ఈసారి పెద్ద వాటా, చివరి మాట ప్రభుత్వానివి. 2022లో నార్త్ ఫీల్డ్ ఈస్ట్ విస్తరణలో టోటల్, ఎక్సాన్‌మొబిల్, షెల్, కొనోకోఫిలిప్స్, ఎనీలకు కలిపి ఇచ్చింది 25 శాతమే.

పగ్గాలెవరివన్న ఈ ప్రశ్న మనకూ ఉంది. మన కృష్ణా-గోదావరి బేసిన్‌లోని డీ6 బ్లాకులో రిలయన్స్, నికో కూటమి 2009లో గ్యాస్ తీయడం మొదలుపెట్టింది, తర్వాత బీపీ చేరింది. ఖర్చుల లెక్కపై ప్రభుత్వంతో వచ్చిన తగవు మధ్యవర్తుల దాకా పోయింది. మన తీరంలో ఇకపై ఏ ఒప్పందం జరిగినా రాయల్టీ ఎంతని అడిగి ఆగిపోకండి. ఎంత తీయాలో ఎవరు నిర్ణయిస్తారో, ఖర్చుల పద్దు ఎవరు తనిఖీ చేస్తారో కూడా అడగండి.