నలుడు వండాడు, అంట్లెవరు తోమారు?

మంచి వంటను నలభీమపాకమనడం తెలుగువారి వాడుక. ఋతుపర్ణుని కొలువులో బాహుకుడై నలుడు, విరాటుని కొలువులో వలలుడై భీముడు గరిటె పట్టారు. వారి చేతి రుచిని లోకం తరతరాలుగా పొగుడుతూనే ఉంది. ఆ రుచుల వెనుక మిగిలిన అంట్లు ఎవరు తోమారో మాత్రం ఎవరూ చెప్పరు.

ఈ ప్రశ్న నేటికీ అనేక గృహాలలో ఆదివారం నాడు తలెత్తుతుంది. వారమంతా వంటింటి గడప తొక్కని గృహస్థు ఆనాడు తానే వండుతానని నడుం బిగిస్తాడు. ఉల్లిపాయలకొక పళ్ళెం, అల్లం వెల్లుల్లి ముద్దకొక గిన్నె, మసాలాకు మూడు చెంచాలు, రుచి చూడడానికి మరొక మూడు. పలావు నిజంగానే బాగుంటుంది. ఇంటిల్లిపాదీ మెచ్చుకుంటారు. "నా పని అయిపోయింది" అంటూ ఆయన పడక కుర్చీలో వాలితే, "అవునండీ, ఇక నాది మొదలయింది" అంటుంది ఇల్లాలు. ఆ మాటలో నవ్వు ఎంతో, విసుగు ఎంతో తేల్చడం కష్టం. 2019లో భారత ప్రభుత్వం జరిపిన కాల వినియోగ సర్వే ప్రకారం, తమ ఇంట్లో జీతం లేని ఇంటిపని చేసే స్త్రీలు దానికి రోజుకు సగటున 299 నిమిషాలు వెచ్చించగా, ఆ పని చేసే పురుషులు వెచ్చించినవి 97 నిమిషాలు.

పొయ్యి ఆర్పడంతో వంట ముగిసిందనుకోవడంలోనే చిక్కంతా ఉంది. అనుభవమున్న చేయి అలా అనుకోదు. పప్పు ఉడికేలోగా తరిగిన కత్తి, పలక, పిండి కలిపిన పళ్ళెం కడిగి బోర్లిస్తుంది. తొక్కలు ఎప్పటికప్పుడు బుట్టకు చేరతాయి. కుక్కరు మూత తీసే వేళకు గట్టు మీద మిగిలేది పోపు మూకుడు ఒక్కటే. ఇందులో చురుకుదనం కంటే పదార్థాల స్వభావం ఎరిగి ఉండడమే ఎక్కువ. అన్నం గిన్నెకు అంటిన గంజి తడిగా ఉన్నంతసేపు వేలితో జారిపోతుంది. ఎండితే జిగురై పట్టుకుంటుంది. చెంబెడు చన్నీళ్ళు పోసి ఉంచితే సగం పని ఆ నీళ్ళే చేస్తాయి. పాలగిన్నెకూ ముందు చన్నీళ్ళే. వేడినీళ్ళు పోస్తే పాలలోని మాంసకృత్తులు గడ్డకట్టి మరింత అంటుకుంటాయి. నూనె జిడ్డుకు మాత్రం వేడినీళ్ళు కావాలి. మూకుడులో మిగిలిన నూనెను సింకులో ఒంపేవారు, తూము మూసుకుపోయిన నాడు విచారిస్తారు. పాత కాగితంతో తుడిచి పారవేస్తే ఆ బాధ ఉండదు.

పూర్వం కట్టెల పొయ్యిలోని బూడిద, కొబ్బరి పీచు, చింతపండు ఉంటే చాలు, అంట్లు తళతళలాడేవి. బూడిదలోని పొటాషియం కార్బొనేటు క్షారం గనుక జిడ్డును విడదీసేది. చింతపండులోని ఆమ్లం ఇత్తడి మీది కిలుమును కరిగించేది. రసాయన శాస్త్రం పేరైనా వినని బామ్మలు దేనిని దేనికి వాడాలో ఎరుగుదురు. గ్యాసు పొయ్యితో బూడిద పోయింది. సబ్బు బిళ్ళ, స్పాంజి వచ్చాయి.

ఎన్ని మారినా పోనిది మసిగుడ్డ. వేడిగిన్నె దించేది అదే, గట్టు తుడిచేది అదే, పొంగిన పాలు అద్దేది అదే, చేతులు తుడుచుకునేది అదే. అతిథి వచ్చినపుడు కంచం మీది తడి తుడిచేది కూడా, చెప్పడానికి సంకోచమే గాని, అదే! కడిగిన కంచం ఆ తుడుపుతో మళ్ళీ మైలపడుతుంది. మడి విషయంలో ఎంతో పట్టింపు ఉన్న ఇళ్ళలో సైతం ఈ గుడ్డను ఎవరూ శంకించలేదు. తడి, వెచ్చదనం, మెతుకుల నలుసులు ఉంటే సూక్ష్మజీవులకు అంతకంటే ఏం కావాలి? 2017లో జర్మనీ శాస్త్రవేత్తలు ఇళ్ళలో వాడిన 14 వంటింటి స్పాంజీలను పరీక్షించగా, కొన్ని చోట్ల ఘన సెంటీమీటరుకు 5,000 కోట్లకు పైగా బాక్టీరియా కనిపించాయి. తరచుగా శుద్ధి చేస్తున్నామన్న ఇళ్ళ స్పాంజీలూ మెరుగుగా లేవు. వారానికొకసారి మార్చడమే మేలని వారు సూచించారు. పలుచని నూలుగుడ్డతో అంత ఇబ్బంది లేదు. మరిగే నీళ్ళలో వేసి ఉతికితే ఎండలో పూర్తిగా ఆరుతుంది. గిన్నెలకొకటి, గట్టుకొకటి, కంచాలకొకటి వేరుగా ఉండాలి. పచ్చి మాంసం తాకిన కత్తిని, పలకను సబ్బుతో కడిగిన తరువాతే కూరగాయల జోలికి పోవాలి.

రాత్రి అంట్లను పనిమనిషి కోసం సింకులో పేర్చి పడుకోవడం పట్టణాలలో పరిపాటి. రాత్రంతా ఎండిన గంజిని, పేరుకున్న నేతిని చలికాలపు చన్నీళ్ళలో గోకేవి ఆమె వేళ్ళు. అదీ ఒక ఇల్లు కాదు, వరుసగా నాలుగైదు. మెతుకులు దులిపి గిన్నెలలో నీళ్ళు పోసి ఉంచడానికి పట్టే కాలం ఎంతని?

ఆదివారపు పలావుకూ ఇదే లెక్క. బియ్యం సన్నని సెగ మీద మగ్గుతుండగా వండేవారికి పనేమీ ఉండదు. ముద్ద గిన్నె, పళ్ళెం, ఆరు చెంచాలు ఆలోగానే కడిగివేయవచ్చు. అడుగంటిన స్టీలు గిన్నెను మాత్రం కాస్త వంటసోడా వేసిన నీళ్ళతో మరిగించి సాయంకాలం దాకా నాననివ్వాలి. దానిని తోమేదెవరో పడక కుర్చీ వాల్చకముందే తేలితే మంచిది.