డాల్ఫిన్ నోస్ ఫొటోలో పడని ఇసుక

ఆర్కే బీచ్‌లో దిగిన మన ఫొటోలు చూడండి. చాలావాటిలో వెనకాల డాల్ఫిన్ నోస్ ఉంటుంది. సముద్రంలోకి ముక్కు చాచిన ఆ కొండని అందరం చూస్తాం. కాళ్ల కింది ఇసుక ఎక్కణ్ణించి వచ్చిందో మాత్రం అడగం.

మన తూర్పు తీరంలో అలలు ఏడాది మొత్తమ్మీద ఇసుకని ఎక్కువగా దక్షిణం నుంచి ఉత్తరానికి మోసుకెళ్తాయి. 1933లో మొదలైన విశాఖ పోర్టు ఈ కొండ చాటునే ఉంది. ఇసుక వచ్చి ఓడల దారిని పూడ్చకుండా అప్పట్లో రెండు పాత ఓడల్ని ముంచి అడ్డుకట్టగా వాడారు. తర్వాత 1970ల్లో ఔటర్ హార్బర్ కోసం సముద్రంలోకి రాతికట్టలు వేశారు. ఓడలకి మేలే. కానీ ఉత్తరాన ఉన్న ఆర్కే బీచ్‌కి అందాల్సిన ఇసుక మధ్యలోనే ఆగిపోతోంది. అందుకే పోర్టు దాన్ని డ్రెడ్జర్లతో తోడించి బీచ్ వైపు పోయిస్తూ వస్తోంది.

నేననేది ఒక్కటే. అది దయ కాదు, బాకీ. బీచ్ కోసుకుపోయినప్పుడల్లా గోడ కట్టేస్తే సరిపోదు. గోడ రోడ్డుని కాపాడుతుంది గానీ, దాన్ని కొట్టి వెనక్కెళ్లే అల ముందున్న ఇసుకని ఇంకా లాగేస్తుంది. ఎంత ఇసుక ఆగింది, ఎంత తిరిగి పోశారు అనే లెక్క ఏటా జనం ముందుండాలి. సివిల్ ఫ్రెండ్స్, ఇంతకన్నా మంచి ప్రాజెక్టు దొరుకుతుందా?

ఇసుక పోతే మనం ఫొటో దిగడానికి ఇంకో చోటు వెతుక్కుంటాం. జాలారిపేట వాళ్లు పడవలు ఎక్కడికి లాక్కోవాలి?