గంప కింద నుంచి గద్దని చూస్తే

పోయిన ఏడాది మార్చి 8న కాశీబుగ్గలో ఒక సభకి వెళ్ళాను. వేదిక వెనక ఫ్లెక్సీ నిండా రెక్కలు చాచిన గద్ద. ఎదురుగా కూర్చున్నవాళ్ళలో ఎక్కువమంది పలాస జీడి ఫ్యాక్టరీల్లో పిక్కలు కొట్టి, పప్పు మీద తొక్క తీసే ఆడవాళ్ళు. వక్తగా వచ్చిన వ్యక్తిత్వ వికాసం ఆయన గద్ద కథ చెప్పాడు. మీరూ వినే ఉంటారు. 40 ఏళ్ళు వచ్చేసరికి గద్ద ముక్కు వంగిపోతుందట, ఈకలు బరువెక్కుతాయట. అప్పుడది కొండెక్కి ముక్కుని రాతికేసి కొట్టి ఊడగొట్టుకుంటుందట. కొత్త ముక్కు వచ్చాక గోళ్ళూ ఈకలూ పీకేసుకుంటుందట. 150 రోజుల బాధ పడ్డాక ఇంకో 30 ఏళ్ళు బతుకుతుందట. “మీరు కూడా గద్దలవ్వాలి తల్లీ!” అన్నాడు. చప్పట్లు.

నా పక్కనున్నావిడ మాత్రం కొట్టలేదు. జీడి రసానికి నల్లబడ్డ వేళ్ళు కొంగులో దాచుకుని, “మరి అన్నాళ్ళూ దాని పిల్లలకి కూడెవులెట్టినారమ్మా?” అని మెల్లగా అడిగింది.

ఆ కథ శుద్ధ అబద్ధం. ముక్కు ఊడిన గద్ద ఆకలితో చస్తుంది, అంతే. అయితే నా కోపం అబద్ధం మీద కాదు. వేళ్ళ చర్మం ఊడిపోయిన మనిషిని ఇంకా ఏం పీక్కోమంటున్నారు? ఉద్దానంలో 40 ఏళ్ళకే కిడ్నీలు పాడై డయాలసిస్ మంచమెక్కిన వాళ్ళున్నారు. వాళ్ళని ఏ కొండెక్కమంటారు? కూలి రేటు, చేతి తొడుగులు, తాగే నీళ్ళు, వీటి గురించి ఒక్క మాట లేదు. మారాల్సింది మాత్రం ఆడదే!

నేను పుట్టి పెరిగింది ఉద్దానంలోనే. మా వజ్రపుకొత్తూరు మండలంలో గరుడభద్ర అని ఒక ఊరు కూడా ఉంది. తెల్లటి తల, ఇటికరంగు రెక్కల పక్షి కొబ్బరిచెట్ల మీదుగా తిరిగితే మా అమ్మ “గరుత్మంతుడు” అని చెంపలేసుకునేది. అదే పక్షి పెరటి మీదికి దిగితే “ఓలమ్మో, గద్దొచ్చింది, పిల్లల్ని గంప కింద ముయ్యండే!” అని కేకేసేది. పక్షి ఒక్కటే. ఎత్తున ఉన్నంతసేపూ దేవుడు, కిందికి దిగితే దొంగ. మా అమ్మకి ఇందులో వైరుధ్యమేమీ కనిపించలేదు. నాకిప్పటికీ కనిపిస్తుంది.

ఇంతకీ ఆ గరుత్మంతుడి కథ ఎవరి కథ? నన్నయ ఆదిపర్వం తెరిచి చూడండి. అది వినత అనే తల్లి దాస్యం కథ. కశ్యపుడికి ఇద్దరు భార్యలు, వినత, కద్రువ. గుడ్లు పొదిగి పొదిగి, సవతి పిల్లలు పుట్టేశారని వినత తట్టుకోలేక ఒక గుడ్డు చిదుపుతుంది. సగం శరీరంతో పుట్టిన కొడుకు అనూరుడు తల్లిని సవతికి దాసివి కమ్మని శపిస్తాడు. మా జిల్లాలో అరసవల్లి సూర్యుడికి దండం పెట్టుకోవడానికి వెళ్ళే ఆడవాళ్ళలో ఎంతమందికి తెలుసో, ఆయన రథసారథి అమ్మని శపించిన ఈ కొడుకేనని! తర్వాత ఉచ్చైశ్రవం తోక నలుపా తెలుపా అన్న పందెంలో కద్రువ మోసం చేసి గెలుస్తుంది, శాపం పండుతుంది. ఇద్దరు ఆడవాళ్ళని ఒకే ఇంట్లో సవతుల్ని చేసిన కశ్యపుడి మీద ఏ శాపమూ లేదు.

రెండో కొడుకు గరుడుడు మాత్రం పాముల్ని వీపున మోస్తూ మోస్తూ ఒకరోజు తల్లిని అడుగుతాడు, మనం వీళ్ళ మాట ఎందుకు వినాలని. మొత్తం కథలో నాకు నచ్చేది ఆ ప్రశ్నే. అమృతం తెచ్చి తల్లిని విడిపిస్తాడు. అమృతం తెచ్చే దారిలోనే విష్ణువుకి వాహనమూ, జెండా మీద బొమ్మా అవుతాడు. మోత మాత్రం తప్పలేదు! అక్కణ్ణించి గుళ్ళలో గరుడ ధ్వజం ఉంది, గరుడ సేవ ఉంది. వినత ఎక్కడుంది? 2024 ఏప్రిల్ 19న చిలుకూరు బాలాజీ గుళ్ళో గరుడ ప్రసాదం తింటే పిల్లలు పుడతారని వేలాదిమంది ఎగబడ్డారు, హైదరాబాదు శివార్లలో రోడ్లు ఆగిపోయాయి. తల్లి సంకెళ్ళు తెంచిన పక్షి పేరుతోనే, పిల్లలు లేకపోతే నువ్వు ఆడదానివే కాదనే సంకెల మళ్ళీ బిగించారు. ఎండలో నిలబడ్డ ఆ ఆడవాళ్ళని తప్పుపట్టను. గొడ్రాలనే మాట పడ్డవాళ్ళకి తెలుసు ఆ ముద్ద విలువ.

చర్చికి వెళ్ళే స్నేహితురాలు చెప్పింది, ద్వితీయోపదేశకాండం 32వ అధ్యాయంలో దేవుణ్ణి గూడు కదిపి పిల్లల మీద అల్లాడే పక్షితో పోల్చారని. పిల్లల్ని రెక్కల మీద మోసే ఆ పక్షి కూడా తెలుగు బైబిల్లో “పక్షిరాజు”! గద్దల్లో మగదానికంటే ఆడదే పెద్దదని ఎవరైనా ఆ అనువాదకుల చెవిన వేసి ఉంటే బాగుండేది.

ఇక రాజ్యాల సంగతి. 1782 నుంచీ అమెరికా రాజముద్ర మీద ఉన్న గద్దని 2024 డిసెంబరులో చట్టం చేసి జాతీయ పక్షిని చేశారు. ఇండోనేసియా చిహ్నం గరుడుడే. మనకి నెమలి (అందులోనూ పురి విప్పేది మగదే). అయినా గద్ద మోజు తీరలేదు, 2024లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం మత్తుమందుల మీద పెట్టిన పోలీసు దళానికి “ఈగిల్” అని పేరొచ్చేలా అక్షరాలు కూర్చింది. గంజాయిని అరికట్టడం మంచిదే. కానీ పై నుంచి చూసి తన్నుకుపోయేదాని పేరే అధికారానికి ఎందుకంత ముద్దు? మా వైపు ఆడవాళ్ళకి ఆ చూపు తెలుసు. సోంపేట బీలలోనూ, టెక్కలి దగ్గర కాకరాపల్లి తంపరలోనూ థర్మల్ కేంద్రాలు వద్దన్నందుకు 2010 జూలై 14న, 2011 ఫిబ్రవరి 28న పోలీసు కాల్పుల్లో మనుషులు పోయారు. నేలని ఎవరు తన్నుకుపోతున్నారో అప్పుడు ఏ వ్యక్తిత్వ వికాస నిపుణుడూ వచ్చి చెప్పలేదు.

ఆడపిల్లని ఎవడైనా ఎత్తుకుపోతే “గద్ద కోడిపిల్లని తన్నుకుపోయినట్టు” అంటాం. ఆ సామెతలో పిల్ల ఉంది, గద్ద ఉంది, పెట్ట లేదు. మా పెరట్లో మాత్రం పెట్ట ఉండేది. ఈకలన్నీ నిక్కబొడుచుకుని, తనకంటే ఎత్తుకి ఎగిరి గద్ద మీద పడేది. ఒక్కోసారి పిల్ల దక్కేది, ఒక్కోసారి దక్కేది కాదు.

ఈ ఏడాది మార్చి సభకి ఫ్లెక్సీ మీద ఏం బొమ్మ వేద్దామని నిర్వాహకులు నన్నడిగారు. పిల్లల్ని మూసే గంప, పక్కన పెట్ట వెయ్యమన్నాను. సరేనన్నారు. సభకి వెళ్ళి చూస్తే మళ్ళీ గద్దే. ఫ్లెక్సీ షాపులో గంప బొమ్మ లేదట.