"కట్" చెప్పాక కూడా తిరిగే కెమెరా!

తెనాలి నుంచి ఓ కుర్ర పాఠకుడు ఉత్తరం రాశాడు. ఊరు చెప్పాను గాని పేరు చెప్పను, పాపం పెళ్ళి కావలసినవాడు! ఉత్తరం నిండా హీరోయిన్ల ముచ్చట్లే. చివర్లో మాత్రం ఓ ప్రశ్న తగిలించాడు... "తెరమీద వాళ్ళే అంత చూపిస్తుంటే, చాటుగా ఎవడో సెల్లులో తీస్తే కొంప మునిగినట్టు ఈ కేసులేమిటి సార్?"

ఈ సందేహం అతనొక్కడిదే అయితే ఉత్తరాన్ని పక్కన పెట్టేసి ఊరుకునేవాణ్ణి. కృష్ణానగర్ టీకొట్ల దగ్గరా, సినిమా హాళ్ళ ఇంటర్వెల్లోనూ ఇదే మాట నా చెవిన చాలాసార్లు పడింది. అందుకని ఈ వారం కొత్త సినిమాల కబుర్లకి సెలవు. అలగకండి, వచ్చేవారం వడ్డీతో సహా చెబుతాను.

మీలో ఎంతమంది షూటింగ్ దగ్గరుండి చూశారో నాకు తెలీదు. ఫిలింనగర్ స్టూడియోల్లో వానపాట తీస్తున్నారనుకోండి. హీరోయిన్ తడిసి ముద్దయి వణుకుతూ ఉంటుంది. చుట్టూ కెమెరామాన్, లైట్‌బాయ్స్, డాన్స్ మాస్టర్, గొట్టంతో నీళ్ళు కొట్టేవాడు... తక్కువలో తక్కువ యాభైమంది! అయినా ఆమెకి ఇబ్బంది లేదు. ఎందుకంటే కెమెరా ఎక్కడుందో, ఫ్రేము ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుందో ఆమెకి తెలుసు. షాటయ్యాక మానిటర్‌లో చూసుకుంటుంది, నచ్చకపోతే ఇంకో టేక్ అడుగుతుంది. డైరెక్టర్ "కట్" అనగానే అసిస్టెంటు పరుగున వచ్చి ఆమె భుజాల చుట్టూ టవల్ కప్పుతుంది. అసలు సంగతంతా ఆ టవల్ దగ్గరుంది. "యాక్షన్"కీ "కట్"కీ మధ్య ఉన్నది ఆమె మనకోసం ఇచ్చింది. దానికే మనం టిక్కెట్టు కొన్నాం. టవల్ కప్పుకున్నాక ఉన్నది ఆమె సొంతం. దానికి టిక్కెట్టు ఏ కౌంటర్లోనూ అమ్మరు.

కారవాన్లు వచ్చింది ఈమధ్యనే గదా. అంతకుముందు, పరిశ్రమ మద్రాసులో ఉన్నప్పుడూ, ఇక్కడికి తరలివచ్చిన కొత్తల్లోనూ, ఔట్‌డోర్ అంటే హీరోయిన్లకి ప్రాణసంకటమే. చెట్టు చాటున నలుగురు ఆడవాళ్ళు చీరలు పరదాలా పట్టుకుని నిలబడితే, ఆ మధ్యలో బట్టలు మార్చుకునేవాళ్ళు. ఊళ్ళో ఎవరైనా పెద్దావిడ దయతలిచి గది ఇస్తే అదే మహాభాగ్యం! తరువాత ఏసీతో, నిలువుటద్దంతో, లోపల గడియతో కారవాన్ వచ్చింది. స్టార్లకి వచ్చిందంటే సరిగ్గా ఉంటుందేమో. కృష్ణానగర్ నుంచి తెల్లారకముందే బస్సెక్కే జూనియర్ ఆర్టిస్టులకి ఇప్పటికీ చాలాచోట్ల ఆ గడియ తలుపు లేదు.

ఉన్నవాళ్ళకైనా నిశ్చింత ఉందా అంటే, 2024 ఆగస్టులో రాధిక చెప్పిన మాటలు గుర్తు చేసుకోండి. మన "న్యాయం కావాలి", "స్వాతిముత్యం" రాధికే. కేరళలో హేమ కమిటీ నివేదిక బయటపడ్డ రోజులవి. తాను పనిచేసిన ఓ మలయాళం సెట్‌లో కొందరు మగవాళ్ళు గుంపుగా కూచుని ఫోనులో ఏదో చూస్తూ నవ్వుకుంటున్నారట. ఏమిటా అని వాకబు చేస్తే, కారవాన్‌లో రహస్య కెమెరాలు పెట్టి తీసిన వీడియోలట, నటీమణులు బట్టలు మార్చుకునేవి! ఎవరి పేరు కొడితే వాళ్ళ వీడియో వచ్చేట్టు దాచిపెట్టుకున్నారని కూడా ఆమె చెప్పారు. ఆ తరువాత కారవాన్ వద్దని హోటల్ గదికి వెళ్ళి మార్చుకున్నారట. దశాబ్దాలుగా కెమెరా ముందు బతికిన మనిషి కెమెరాకి భయపడి హోటల్‌కి పరుగెత్తడమంటే ఆలోచించండి మరి.

"ఇదంతా తారల గొడవ, మనకెందుకు?" అనేవాళ్ళకి మన జూబ్లీహిల్స్ సంగతులే చెబుతాను. 2021 సెప్టెంబర్‌లో అక్కడి ఓ డ్రైవ్-ఇన్ రెస్టారెంట్లో, ఆడవాళ్ళ వాష్‌రూమ్‌లో రికార్డింగు నడుస్తున్న సెల్‌ఫోన్ ఓ అమ్మాయి కంటపడింది. పెట్టింది అక్కడ శుభ్రం చేసే కుర్రాడేనని పోలీసులు పట్టుకున్నారు. నెల తిరక్కుండానే అదే జూబ్లీహిల్స్‌లో ఓ బట్టలషాపు ట్రయల్ రూమ్‌లో యువతిని సెల్లుతో తీశారని ఇద్దరు కుర్రాళ్ళు అరెస్టయ్యారు. 2025 అక్టోబర్‌లో అక్కణ్ణుంచి కూతవేటు దూరంలో, మధురానగర్ పోలీస్‌స్టేషన్ పరిధిలో, అద్దెకున్న వాళ్ళ బాత్రూమ్ బల్బు హోల్డర్‌లో కెమెరా బయటపడింది. అరెస్టయినవాడు ఆ ఇంటి ఓనరే! అద్దె పుచ్చుకుంటూ, మంచీచెడ్డా అడిగే ఓనర్! ఈ మూడింట్లో ఒక్కరూ సినిమాతార కాదు. హోటల్‌కి భోజనానికి వెళ్ళినవాళ్ళు, బట్టలు కొనుక్కోవడానికి వెళ్ళినవాళ్ళు, ఇంట్లో స్నానం చేసుకునేవాళ్ళు. మీ అక్కయ్యలూ, చెల్లెళ్ళూ వెళ్ళే చోట్లే.

ఇక చట్టం. బోరు కొట్టదు, కాస్త ఓపికపట్టండి.

ఇంగ్లీషువాళ్ళు దీన్ని వాయూరిజం అంటారు. మనం దొంగచూపు అనుకుందాం. 1860 నాటి పీనల్ కోడ్‌లో దీనికి విడిగా సెక్షనే లేదు. స్త్రీ మర్యాదకి భంగం కలిగించాడంటూ 509 కింద కేసు పెట్టేవాళ్ళు, మహా అయితే ఏడాది జైలు. సెల్లులో కెమెరా వచ్చాక ఐటీ చట్టంలో 66ఇ అనే సెక్షన్ చేర్చారు, 2009 నుంచి అమల్లోకి వచ్చింది. 2012 డిసెంబర్ ఢిల్లీ ఘోరం తరువాత జస్టిస్ వర్మ కమిటీ కూచుంది. ఆ ఊపులోనే 2013లో 354సి వచ్చింది. 2024 జులై 1 నుంచి కొత్త న్యాయసంహితలో అదే 77వ సెక్షన్. మొదటిసారి నేరం రుజువైతే ఏడాదికి తక్కువ కాకుండా మూడేళ్ళ దాకా జైలు, జరిమానా. రెండోసారైతే మూడు నుంచి ఏడేళ్ళు.

ఇందులో మూడు సంగతులు మనవాళ్ళకి తెలియవు. కెమెరా లేకపోయినా నేరం నేరమే. మరొకరి కంట పడనని నమ్మి ఆమె స్నానమో, మరుగో, బట్టలు మార్చుకోవడమో చేస్తుంటే గోడ కన్నంలోంచి ఉత్త కళ్ళతో చూసినా 77 వర్తిస్తుంది. ఇక రెండోది, తీసినవాడే కాదు, పంచినవాడూ ముద్దాయే. మూడోది మరీ ముఖ్యం... ప్రేమించినప్పుడు ఆమే ఒప్పుకుని ఫోటో తీయించుకుందనుకోండి, దాన్ని నలుగురికీ పంపడానికి ఒప్పుకోనప్పుడు పంపడం నేరం. "ఆమే ఇచ్చింది సార్" అంటే స్టేషన్‌లో చెల్లదు.

మగపిల్లలకి ఏం రక్షణ అంటారా? 77 ఆడవాళ్ళని చూసి రాసింది. చేసినవాళ్ళు ఎవరైనా సరే, బాధితురాలు స్త్రీ కావాలి. హాస్టల్లో కుర్రాడి స్నానం వీడియో తీసి అల్లరి పెట్టినవాళ్ళకి మాత్రం 66ఇ ఉంది. అది ఆడా మగా చూడదు, మూడేళ్ళ దాకా జైలు, లేదా రెండు లక్షల దాకా జరిమానా, లేదా రెండూ. సరదాకి తీశామనే హాస్టల్ వీరులు ఈ ముక్క గుర్తుంచుకోవాలి.

చట్టానికి అంచు కూడా ఉంది. ఇంటి ముందు నిలబడ్డ స్త్రీని ఫోటో తీస్తే అది ఈ సెక్షన్ కిందికి రాదని 2024లో కేరళ హైకోర్టు చెప్పింది. అంటే ఎయిర్‌పోర్టులో హీరోయిన్ని ఫోటో తీసి వెంటపడేవాళ్ళు చిరాకు పుట్టించొచ్చు గాని ఈ సెక్షన్‌లో పడరు. నాకు అసంతృప్తి అనిపించేది ఇంకొకటి. మొదటిసారి నేరం బెయిలబుల్. పొద్దున పట్టుకుంటే సాయంత్రానికి ఇంటికి పోవచ్చు. బాత్రూమ్‌లో కెమెరా దొరికిన పిల్లకి మాత్రం ఎన్నాళ్ళకి ఏ బాత్రూమ్‌లోనైనా నమ్మకంగా అడుగుపెట్టగలుగుతుందో!

చట్టం సరే, మన సినిమాల సంగతేమిటి? నిజాయితీగా మాట్లాడుకుందాం. చెరువులో హీరోయిన్ స్నానం, గట్టున చీర, చెట్టెక్కిన హీరో, వెంటనే టీజింగ్ పాట! ఎన్నిసార్లు చూడలేదు మనం? లేడీస్ హాస్టల్ గోడకి కన్నం పెట్టే కమెడియన్‌కి హాలంతా ఈలలు. ఇప్పుడు 2014లో వచ్చిన "దృశ్యం" గుర్తు తెచ్చుకోండి. శ్రీప్రియ డైరెక్షన్, వెంకటేష్, మీనా. కథంతా దేనిమీద నడిచింది? క్యాంపులో స్నానం చేస్తున్న రాంబాబు కూతుర్ని ఓ కుర్రాడు సెల్లులో తీయడం మీద! ఆ వీడియో పట్టుకుని బెదిరిస్తే ఆ ఇల్లు ఎలా అల్లాడిందో చూసి మనం కళ్ళు తుడుచుకున్నాం, వాడు చచ్చినా అయ్యో అనలేదు. చెట్టెక్కిన హీరోకీ ఈ కుర్రాడికీ తేడా ఏమిటంటే, ఒకడి చేతిలో సెల్లుంది, రెండోవాడికి పాటుంది. అంతే! అన్నట్టు, "దృశ్యం" వచ్చేనాటికి 354సి పుట్టి ఏడాది దాటింది. అయినా రాంబాబు ఇంట్లో ఎవరికీ పోలీస్‌స్టేషన్ మాట తోచలేదు. తోచినా, వాడి తల్లే పోలీస్ ఐజీ! కథకుడు గట్టివాడు సుమా, మన భయం ఎక్కడుందో సరిగ్గా పట్టుకున్నాడు.

2024 ఆగస్టులో గుడ్లవల్లేరు ఇంజనీరింగ్ కాలేజీ హాస్టల్లో రహస్య కెమెరాలున్నాయని ఆడపిల్లలు రాత్రంతా బైఠాయించినప్పుడు నాకో అనుభవం అయింది. పోలీసులు గాలించి కెమెరాలేవీ దొరకలేదని చెప్పారు, అది వేరే సంగతి. ఆ రెండ్రోజుల్లో తెలిసిన కుర్రాడొకడు ఫోన్ చేసి, "అన్నా, నీకు అన్నిచోట్లా మనుషులుంటారు గదా, ఆ వీడియోలేమైనా దొరికాయా?" అని అడిగాడు. చదువుకున్నవాడు, చెల్లెలున్నవాడు. ఫోన్ పెట్టేశానే గాని చాలాసేపు మనసు మనసులో లేదు. కెమెరా పెట్టేవాడు ఒక్కడే. కాని ఇలా అడిగేవాళ్ళు ఇందరుంటే పెట్టేవాడికి కొరతేముంటుంది? హీరోయిన్ పేరు కొట్టి "లీక్డ్" అని వెదికే ప్రతి వేలూ ఆ రాధిక చూసిన గుంపులో కూచున్న వేలే.

పరిశ్రమ తరఫున ఏం జరిగిందంటారా? 2018 ఏప్రిల్‌లో ఫిలిం ఛాంబర్ ముందు శ్రీరెడ్డి నిరసన తరువాత గొడవ పెద్దదై, 2019లో తెలంగాణ ప్రభుత్వం కమిటీ వేసింది. 2022లో సబ్‌కమిటీ నివేదిక ఇచ్చింది, బీరువాలో పడింది. 2024 ఆగస్టులో సమంత దాన్ని బయటపెట్టమని బాహాటంగా కోరారు. బీరువా తాళం ఎవరి దగ్గరుందో నేను చెప్పక్కర్లేదు.

ఈలోగా మీ చేతిలో పని మీరు చేసుకోండి. ట్రయల్ రూమ్‌లోనో, హోటల్ గదిలోనో అనుమానం వస్తే కెమెరాని పీకెయ్యకండి, అందులోవి చెరిపెయ్యకండి. అదే సాక్ష్యం. తలుపు దగ్గర ఒకరిని నిలబెట్టి 112కి ఫోన్ చేయండి. మేనేజరు బతిమాలతాడు, "షాపు పరువు పోతుందమ్మా" అంటాడు. వినకండి. హైదరాబాద్‌లో 2014 నుంచి షీ టీమ్స్ ఉన్నాయి, వీడియో ఆన్‌లైన్‌లోకి పోతే సైబర్ క్రైమ్ వాళ్ళ 1930 ఉంది. ఏ స్టేషన్ పరిధి అని వెదుక్కోనక్కర్లేదు, ఏ స్టేషన్లోనైనా జీరో ఎఫ్ఐఆర్ రాయాల్సిందే.

ఇక మీ గ్రూపులోకి అలాంటి వీడియో వచ్చిందా... చూడకండి, పంపకండి, పెట్టినవాడిని అందరిముందూ పేరు పెట్టి అడగండి. వాడు నాలుగు రోజులు మాట్లాడడు. మాట్లాడకపోతే పోనీండి, పీడా విరగడ!