ముందు ప్లగ్గు పీకండి
మొన్న మా ఇంట్లో సీపీయూ మీద గ్లాసుడు టీ ఒలికింది. మా అబ్బాయి గబగబా షట్‌డౌన్ చేసి, పైపైన తుడిచి, పది నిమిషాలకే మళ్లీ బటన్ మీద వేలు పెట్టబోయాడు. చెయ్యి పట్టుకుని ఆపాను. అద్దం తలుపు లోంచి చూస్తే మదర్‌బోర్డు మీద చిన్న పచ్చ లైటు ఇంకా వెలుగుతూనే ఉంది! షట్‌డౌన్ చేసినా, గోడ స్విచ్చి ఆన్‌లో ఉన్నంతసేపూ ఎస్‌ఎంపీఎస్ (పవర్ సప్లై) 5 వోల్టుల స్టాండ్‌బై కరెంటు పంపుతూనే ఉంటుంది. తడిలో రాగి గీతల్ని తినేసేది ఆ కాస్త కరెంటే. నన్నడిగితే తడి కన్నా ‘పనిచేస్తుందో లేదో చూద్దాం’ అనే మన ఆత్రమే బోర్డుకి ఎక్కువ చేటు. పైగా ఒలికినవి ఉత్త నీళ్లు కావు, పాలూ పంచదారా. ఆరినా జిగురు పోదు. ప్లగ్గు పీకాం, 3 వోల్టుల బటన్ సెల్ కూడా తీశాం. ర్యామ్ స్లాట్ల సందుల్లో గోధుమరంగు మరక. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచిన మెత్తటి బ్రష్షుతో దాన్ని వదిలించడానికే గంట పట్టింది. తర్వాత రెండు రోజులు ఫ్యాను కింద ఆరబెట్టాం. మూడో రోజు పొద్దున బటన్ వాడిచేతే నొక్కించాను.