గుర్రాలకూ కుటుంబ నియంత్రణ!

"మనుషులకు సరే, గుర్రాలకు కూడానా?" అని మామగారు కళ్ళజోడు తీసి మరీ నవ్వారు.

"నవ్వులాట కాదు మామయ్యగారూ" అంటూ నేను చదివింది చెప్పాను. మీకూ చెబుతాను.

అమెరికాలో అడవి గుర్రాలను చంపరాదనీ, పట్టరాదనీ 1971లో శాసనం చేశారు. మంచిదే. కాని వాటిని వేటాడే మృగాలు తక్కువ. మంద ఏటా నూటికి పదిహేను, ఇరవై చొప్పున పెరుగుతుంది. గడ్డి పెరగదు కదా! అందుకని ప్రభుత్వమే హెలికాప్టర్లతో తరిమి పట్టి, దొడ్లలో పెట్టి మేపుతున్నది. తల్లీ పిల్లా బెదిరి పరుగెత్తే దృశ్యం తలుచుకుంటేనే బాధ.

ఈ తరమడం లేని దారి వెతికినవారిలో జే కిర్క్‌పాట్రిక్ అనే శాస్త్రజ్ఞుడు ముఖ్యుడు. పంది అండం చుట్టూ ఉండే పొర నుంచి తీసిన మాంసకృత్తులే టీకామందు. అది ఒంట్లో పడగానే ఆడగుర్రం పరాయి వస్తువు వచ్చిందని ప్రతిరక్షకాలను తయారుచేసుకుంటుంది. అవి పోయి దాని అండం పొరకే అంటుకుంటాయి. పురుషబీజానికి ఇక లోపలికి దారి ఉండదు.

1988లో మేరీలాండ్ తీరాన అస్సటీగ్ ద్వీపంలో, దూరం నుంచి తుపాకీతో సూది వదిలి దీన్ని పరీక్షించారు. మరి చూలు నిలిచిందో లేదో తెలిసేదెట్లా? గుర్రాన్ని పట్టుకోలేదు, నెత్తురు తీయలేదు. ఇసుకలో ఇంకిన మూత్రాన్నీ, లద్దెనూ పోగుచేసి ప్రయోగశాలలో హార్మోనులు కొలిచారు! నాకు అన్నిటికంటె నచ్చింది ఈ ఓర్పే.

ద్వీపంలో 1994 నుంచి మందను ఈ టీకాతోనే అదుపులో ఉంచుతూ వచ్చారు. నూట డెబ్బైకి పైబడిన మంద క్రమంగా నూటికి లోపుకు దిగింది. అయితే పడమటి రాష్ట్రాల విశాలమైన బయళ్ళలో ఇది అంత సులువు కాదు. అక్కడ గుర్రం దరికి చేరడమే కష్టం. టీకానేమో మళ్ళీ మళ్ళీ వెయ్యాలి.

ద్వీపంలో కూడా సంఖ్య తగ్గడానికి ఏళ్ళు పట్టింది. కారణమేమిటో తెలుసా? ఏటేటా ఈని పాలిచ్చే శ్రమ తప్పిన ఆడగుర్రాలు ఒళ్ళు చేసి, ఇదివరకటి కంటె ఎన్నో ఏళ్ళు ఎక్కువ బతికాయి. ఇరవై దాటినవీ ఉన్నాయి.

వంటింట్లో బియ్యం ఏరుతున్న అత్తగారు అంతవరకూ మాట్లాడలేదు. చేట పక్కన పెట్టి అన్నారు:

"మా అమ్మకు పది కాన్పులు. నలభై నిండకుండానే పోయింది. ఈ సంగతి తెలియడానికి గుర్రాలను పరీక్షించాలిటే?"

మామగారు మళ్ళీ నవ్వలేదు.